కర్త లేని వాక్యం: విడిచిన పశువు – మన మాట, మన సాహిత్యం

మరాఠీ పత్రికల జిల్లా పుటల్లో ‘మోకాట్ జనావరే’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. రోడ్డు మీద పడుకొన్న ఆవుల గురించో, బడి దగ్గర పిల్లల వెంటపడిన కుక్కల గురించో రాసిన వార్త అది. సరిహద్దుకు ఆవల ఆదిలాబాదులో అటువంటి వార్తే తెలుగులో ‘వీధి కుక్కల స్వైరవిహారం’ అనో, ‘రోడ్లపై పశువుల సంచారం’ అనో వస్తుంది. రెండు భాషలు, రెండు రాష్ట్రాలు. అయినా రెండు శీర్షికల వెనుక ఉన్న వ్యాకరణం ఒక్కటే. రెండింటిలోనూ జంతువే కర్త. తిరిగేది అదే, అడ్డుపడేది అదే, కరిచేది అదే. దానిని అక్కడికి తెచ్చి విడిచిన మనిషి మాత్రం వాక్యంలో ఎక్కడా లేడు. ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఆ కనిపించని కర్తను గురించే.

పరిశీలనకు కిన్వట్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1956 నవంబరు 1 వరకు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో భాగం. భాషాప్రయుక్త పునర్విభజనలో నాందేడ్ జిల్లాలో చేరి, మొదట ద్విభాషా బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1 నుంచి మహారాష్ట్రలోకి వచ్చింది. పెన్‌గంగ ఒడ్డున, టేకు అడవుల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో మరాఠీ, తెలుగు, గోండీ, కొలామీ, బంజారా, ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కొలామీ పదాలను ఇచ్చేటప్పుడు కిన్వట్ మాండలికానికి విడిగా ఒక సంకేతాన్నే కేటాయించింది. ఒకే విషయాన్ని పొరుగు భాషలు ఎట్లా చెబుతున్నాయో పోల్చి చూడటానికి ఇంతకంటె అనువైన చోటు అరుదు. పైగా ఇది వాన మీద ఆధారపడి పత్తి, జొన్న, సోయా పండించే రైతుల సీమ. పశువు ఇక్కడ ఇంటి మనిషి లాంటిది. అందువల్ల విడిచిపెట్టడమనేది ఇక్కడ చిన్న విషయం కాదు.

మాటల సాక్ష్యం

ముందుగా క్రియలను చూద్దాం. తెలుగులో ‘విడు’ అకర్మకం, ‘విడుచు’ సకర్మకం. ‘పడు’ అకర్మకం, ‘పడవేయు’ సకర్మకం. సకర్మక క్రియ వాడితే చేసినవాడెవడన్న ప్రశ్న తప్పదు. అకర్మక క్రియ వాడితే ఆ ప్రశ్న పుట్టదు. “కుక్క వీధిన పడింది” అంటాం. “కుక్కను వీధిన పడేశారు” అనం. సంసారం వీధిన పడ్డా, కుక్క వీధిన పడ్డా అదేదో దానంతట అది జరిగిపోయిన సంగతి అన్నట్టు చెబుతాం. మరాఠీలో ‘మోకాట్’ అంటే కట్టు లేనిది, అదుపు లేనిది. కట్టు విప్పినవాడెవడో ఆ విశేషణం చెప్పదు.

ఇక విశేషణాలు. ‘వీధికుక్క’ అనే మాట జంతువును చోటుతో ముడిపెడుతుంది. వీధి దాని పుట్టిల్లు అన్నట్టు ఉంటుంది. దీనికంటె పాతది ‘ఊరకుక్క’. ఇప్పుడు అది తిట్టుగా మిగిలింది కాని, దాని నిర్మాణం వేరే కథ చెబుతుంది. ఊరపిచ్చుక, ఊరపంది, ఊరకోడి అన్న మాటల్లో ‘ఊర’ అనేది ‘అడవి’కి ఎదురుమాట. అడవిపంది కానిది ఊరపంది. అడవికోడి కానిది ఊరకోడి. ఆ లెక్కన ఊరకుక్క అంటే దిక్కులేని కుక్క కాదు, ఊరికి చెందిన కుక్క. అది ఏ ఒక్క ఇంటిదీ కాకపోవచ్చు; కాని ఊరిది. అన్నం మిగిలిన ప్రతి ఇల్లూ దానికి కొంత యజమానే. ‘ఊర’ పోయి ‘వీధి’ వచ్చినప్పుడు మారింది పేరు మాత్రమే కాదు. ఊరు అంటే మనుషులు. వీధి అంటే చోటు. చోటుకు బాధ్యత ఉండదు.

మూడోది జాతీయం. బాధ్యత వదులుకొన్నవాణ్ణి గురించి తెలుగులో ‘గాలికి వదిలేశాడు’ అంటాం. మరాఠీలో సరిగ్గా ఇదే మాట ఉంది: ‘వార్యావర్ సోడణే’, గాలిమీద విడవడం. ఎవరి నుంచి ఎవరు తీసుకొన్నారో తేల్చవలసిన పని ఇక్కడ లేదు. మా దృష్టిని ఆకర్షించింది మరొకటి. ఈ జాతీయాన్ని రెండు భాషలవాళ్లూ పిల్లల గురించి, ముసలి తల్లిదండ్రుల గురించి, సంసారం గురించి ధారాళంగా వాడతారు. అప్పుడు వాక్యంలో కర్త స్పష్టంగా ఉంటాడు, నిందా ఉంటుంది. పశువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘గాలికి వదిలేశాడు’ పోయి ‘వీధుల్లో తిరుగుతోంది’ వస్తుంది. నింద యజమాని మీది నుంచి జంతువు మీదికి జరుగుతుంది.

ఇది భాషకు ఉన్న అశక్తత వల్ల కాదు. తెలుగులో ‘పెంపుడు’ అనే విశేషణం పెంపుడు కొడుకుకూ, పెంపుడు కుక్కకూ ఒక్కటే. ‘సాదుకొను’ అనే తెలంగాణ మాటా అంతే. బిడ్డనైనా దూడనైనా సాదుకొంటారు. పెంపకం అనేది పుట్టుకతో రాక, మనిషి తనంతట తాను నెత్తిన వేసుకొన్న సంబంధమని ఈ మాటలకు తెలుసు. పెంపుడు కొడుకును వీధిలో విడిచి వచ్చినవాణ్ణి ఏమనాలో మనకు తెలుసు. పెంపుడు కుక్కను విడిచినవాణ్ణి ఏమనాలో తెలియనట్టు నటిస్తున్నాం.

అచ్చు ఉన్న ఆంబోతు

మన సమాజానికి పశువును విడవడం కొత్త కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ‘అచ్చోసిన ఆంబోతు’ అనే మాట అందుకు సాక్ష్యం. పెద్దల అపరకర్మల్లో వృషోత్సర్గం ఒకటి. కోడెకు చక్రం, త్రిశూలం వంటి ముద్రలు వేసి ఊరి మీద విడిచేవారు. మరాఠీలో ఇటువంటి ఆంబోతును ‘పోళ్’ అంటారు. 1857లో వెలువడిన మోల్స్‌వర్త్ మరాఠీ నిఘంటువు రెండవ ముద్రణలోని వివరణా దీనికి సరిపోతుంది: త్రిశూల, చక్ర ముద్రలతో దేవుడి పేర విడిచిన ఎద్దు.

ఈ రెండు మాటలూ ఇప్పుడు పనీపాటా లేక తిరిగే మనిషిని తిట్టడానికే మిగిలాయి. తిట్టులో పడి మనం మరిచిపోయింది ‘అచ్చు’ను. ఆ ముద్ర దేనికి? ఇది ఫలానా వారి పేర, ఫలానా కార్యంలో, నలుగురి ఎదుట విడిచిన పశువు అని చెప్పడానికి. దానిని ఎవరూ కట్టి దున్నరాదు, కొట్టరాదు, చేలో నాలుగు పరకలు తింటే సహించాలి. బదులుగా అది ఊరి ఆవులకు పనికివస్తుంది. అంటే ఆ విడుపు రహస్యం కాదు, బాధ్యతారాహిత్యమూ కాదు. ఒక ఇంటి బాధ్యతను ఊరంతటికీ బదిలీ చేసిన బహిరంగ కర్మ అది. ఊరు ఒప్పుకొన్నది కనుక ఆంబోతు బతికింది.

రాత్రివేళ ఆవును పక్క ఊరి పొలిమేరకు తోలి రావడానికీ, కుక్కపిల్లను గోనెసంచిలో తెచ్చి బస్టాండులో దించడానికీ ఈ ఆచారాన్ని సాకుగా చూపడం కుదరదు. అక్కడ అచ్చు ఉంది, ఇక్కడ అచ్చు లేదు. ఇప్పుడు ప్రభుత్వం పశువుల చెవులకు పన్నెండంకెల సంఖ్య ఉన్న బిళ్లలు వేస్తోంది. ఆ సంఖ్యను పెంచేవారి వివరాలతో కలిపి నమోదు చేస్తారు. ఒక విధంగా ఇది కొత్త అచ్చు. కాని పాత అచ్చు విడిచినవాడి మాటకు సాక్షిగా ఉండేది. కొత్త అచ్చు ఈనాటికి ఎక్కువగా టీకాల లెక్కకు, పథకాల లెక్కకు సాక్షిగా ఉంది. విడిచినవాడి గుమ్మందాకా ఆ సంఖ్య నడిచి వెళ్లిన రోజున అది నిజంగా అచ్చు అవుతుంది.

బందెలదొడ్డి సంగతీ ఇటువంటిదే. మరాఠీలో దీనిని ‘కొండవాడా’ అంటారు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఈ దొడ్లకు చట్టరూపం ఇచ్చింది. పరాయి చేలో పడ్డ గొడ్డును తోలుకొని వచ్చి దొడ్లో కడతారు. యజమాని వచ్చి జరిమానా కట్టి విడిపించుకోవాలి. ఈ ఏర్పాటు మొత్తం ఒక నమ్మకం మీద నిలిచింది: యజమాని వెతుక్కొంటూ వస్తాడు అని. ఎందుకంటే పశువు విలువైనది. యజమాని రాకుండా ఉండటమే తనకు లాభమని అనుకొనే కాలం వస్తుందని 1871లో ఆ చట్టం రాసినవారు ఊహించలేదు.

ఇద్దరు యజమానులు

‘యజమాని’ అనే మాటనే కొంచెం ఆగి చూడాలి. యజ్ ధాతువుకు ఆత్మనేపదంలో వచ్చిన కృదంతం ‘యజమాన’. యాగఫలం ఎవరికి చెందుతుందో వాడు యజమానుడు. పురోహితుడు ఇతరుల కోసం యాగం చేస్తాడు కనుక వాడికి పరస్మైపదం. ఖర్చు భరించేవాడు, ఫలం అనుభవించేవాడు, లోపం జరిగితే దోషం తగిలేవాడు యజమానుడు. ఫలమూ భారమూ ఒకే మాటలో ఉన్నాయి. తెలుగులో ఈ మాట ‘సొంతదారు’ అనే అర్థంలో స్థిరపడేసరికి ఫలం మిగిలింది, భారం జారిపోయింది.

మన తొలి కావ్యంలోనే ఒక యజమానుడికీ ఒక కుక్కకూ వ్యవహారం జరగడం కాకతాళీయమే కావచ్చు, కాని చెప్పుకోదగినది. నన్నయ ఆదిపర్వంలో జనమేజయుడు యాగం చేస్తుంటాడు. అక్కడికి వచ్చిన కుక్కపిల్ల సారమేయుణ్ణి అతని తమ్ముళ్లు కొడతారు. తల్లి సరమ రాజు ముందుకు వచ్చి నిలదీస్తుంది. కొట్టింది తమ్ముళ్లు, సరమ అడిగింది రాజును. యాగం ఎవరిదో దోషమూ వారిదే అన్న న్యాయం ఆమెది. చేయదగినది ఏది, చేయరానిది ఏది అని ఆలోచించక సాధువులకూ దిక్కులేనివారికీ అపకారం చేసేవారికి ఊహించని ఆపదలు వస్తాయని ఆమె చెప్పిపోతుంది. రాజు ఆ మాటను తేలికగా తీసుకోలేదు. శాంతి చేయించడానికి తగిన పురోహితుణ్ణి వెతుక్కొంటూ బయలుదేరాడు.

పదకొండవ శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టిన భారతం పదమూడవ శతాబ్దంలో తిక్కన చేతిలో ముగింపుకు వచ్చేసరికి మళ్లీ ఒక కుక్క ఎదురవుతుంది. మహాప్రస్థానంలో భార్యా తమ్ములూ దారిలో రాలిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది అదొక్కటే. దానిని విడిస్తేనే స్వర్గమని ఇంద్రుడంటే, తనను నమ్మి వచ్చినదాన్ని విడవనని ధర్మరాజు అంటాడు. మూలంలో ఈ సందర్భంలో వచ్చే మాట ‘భక్తత్యాగం’. నమ్మినవారిని విడవడం బ్రహ్మహత్యతో సమానమైన పాపమని అక్కడ ధర్మరాజు వాదన.

ఇక్కడ ‘త్యాగం’ అనే మాట గమనార్హం. సంస్కృతంలో దానికి విడవడం అనేది మూలార్థం. విడిచేది ఏమిటన్నదాన్ని బట్టి అది పుణ్యమో పాపమో అవుతుంది. ధనత్యాగం పుణ్యం, భక్తత్యాగం పాపం. తెలుగులో ఆ రెండో అర్థం ‘పరిత్యాగం’ అనే గ్రాంథిక పదానికి పరిమితమై, ‘త్యాగం’ పూర్తిగా గొప్ప గుణం అయిపోయింది. ఈ అర్థ పరిణామం అమాయకమైనదే. కాని దాని నీడన ఒక అలవాటు పెరిగింది. పాలు మరిచిన ఆవును గోశాల గేటు దగ్గర కట్టి వచ్చి, దానం చేశామని చెప్పుకొంటాం. మేత ఖర్చు ఇవ్వకుండా, చెప్పకుండా వదిలి వచ్చినదానికి దానమని పేరు పెట్టడం భాషకు చేస్తున్న అన్యాయం కూడా. దానంలో పుచ్చుకొనేవాడి అంగీకారం ఉండాలి.

విశ్వాసం ఎవరిది?

తరువాతి సాహిత్యంలో ఈ దృష్టి ఎంతవరకు నిలిచింది? మా పరిశీలనలో, తెలుగు సాహిత్యం జంతువుకు మనిషి మీద ఉన్న విశ్వాసాన్ని కీర్తించినంతగా, మనిషికి జంతువు పట్ల ఉండవలసిన విశ్వాసాన్ని పట్టించుకోలేదు. తెలుగు పిల్లలందరికీ తెలిసిన ఆవు–పులి కథనే తీసుకొందాం. అనంతామాత్యుని భోజరాజీయంలో పదిహేనవ శతాబ్దంలోనే కావ్యగౌరవం పొందిన కథ అది. ఆవు మాట ఇస్తుంది, బిడ్డకు పాలిచ్చి బుద్ధులు చెప్పి తిరిగి వస్తుంది, పులి కరుగుతుంది. సత్యవాక్యానికి ఇంతకంటె మంచి కథ లేదు. కాని తరతరాలుగా ఆ కథ చెబుతూ వచ్చిన మనం ఒక్క ప్రశ్న అడగలేదు. పులి తిరిగే అడవికి ఆవును తోలినవాళ్లు, అది వేళకు ఇంటికి రాకపోతే ఏం చేశారు? మాట నిలుపుకొనే భారమంతా నాలుగు కాళ్లదానిదే. ‘విశ్వాసం గల కుక్క’ అనే పదబంధం నోటికి ఎంత సులువుగా వస్తుందో చూడండి. ‘కుక్క పట్ల విశ్వాసం గల యజమాని’ అనేది వ్యాకరణరీత్యా తప్పు లేకపోయినా చెవికి కొత్తగా ఉంటుంది. సాహిత్యం అలవాటు చేయకపోవడమే అందుకు కారణం.

మినహాయింపులు లేకపోలేదు. డాక్టర్ కేశవరెడ్డి (1946–2015) ‘అతడు అడవిని జయించాడు’ నవలిక వాటిలో ముఖ్యమైనది. పందులు మేపుకొనే ముసలివాడు, ఈనడానికి అడవిలో ఆగిపోయిన తన పందిని వెతుక్కొంటూ పొద్దుగూకే వేళ బయలుదేరతాడు. రాత్రంతా అడవితో అతని పోరు. ఈ నవలికను మనిషికీ ప్రకృతికీ మధ్య పోరాటంగా చదవడం విమర్శకులకు అలవాటు. ఆ చదువు సరైనదే. అయితే దానికి ముందు మరో సాదా ప్రశ్న ఉంది: ముసలివాడు అసలు ఎందుకు వెళ్లాడు? మంద ఇంటికి చేరినప్పుడు ఒకటి తక్కువైందని లెక్క తేలింది గనుక. లెక్క చూసుకోవడం, తక్కువైనదాన్ని వెతకడం – యజమానిత్వం అంటే అంతే. లోకం నీచమని తోసిపుచ్చే జంతువును, లోకం తక్కువగా చూసే మనిషి అంత పట్టుదలగా వెతకడం రచయిత ఊరకే పెట్టిన సంగతి కాదు. కుష్ఠు వ్యాధి వల్ల అయినవాళ్లకే దూరమైన మనుషులకు నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఏళ్ల తరబడి వైద్యం చేసిన రచయిత ఆయన. విడిచివేత అంటే ఏమిటో ఆయన దగ్గరగా చూశారు.

తెలుగు పాఠకులు తమవాడనుకొనే శరత్ రాసిన ‘మహేశ్’ కథ ఈ చర్చను మరో మెట్టు ముందుకు తీసుకుపోతుంది. గఫూర్ అనే పేదరైతుకు మహేశ్ అనే ఎద్దు ఉంది. పచ్చికబయలు జమీందారు పాలైంది. గడ్డి లేదు, నీళ్లు లేవు. గోవు పవిత్రమని గఫూర్‌కు నీతి చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఒక మోపు గడ్డి ఇచ్చినవాడు లేడు. కటికవాళ్లకు అమ్మడానికి బయానా తీసుకొని కూడా ఇవ్వలేకపోతాడు. చివరికి ఎద్దు అతని చేతిలోనే దెబ్బ తిని చస్తుంది. కథ పూర్తయ్యాక చంపినదెవరని అడిగితే గఫూర్ అని చెప్పడానికి పాఠకుడికి నోరు రాదు. కర్త ఉన్నాడు, కాని కర్త ఒక్కడు కాడు.

కిన్వట్ రైతు – రెండు రకాల విడుపు

శరత్ కథ దగ్గర మేము ఆగిందుకు కారణం కిన్వట్‌కు తిరిగి రావడానికే. ఇక్కడి పత్తిరైతు పరిస్థితికీ గఫూర్ పరిస్థితికీ పోలిక ఉంది. 2019లో జరిగిన ఇరవయ్యవ పశుగణన ప్రకారం దేశంలో మగ పశువుల సంఖ్య 2012తో పోలిస్తే సుమారు 30 శాతం తగ్గింది. ట్రాక్టరు వచ్చాక ఎద్దు పని తగ్గింది. మేత ఖర్చు తగ్గలేదు. అదే గణనలో ఎవరివీ కాని పశువులు 50 లక్షలకు పైగా, ఎవరివీ కాని కుక్కలు కోటీ 53 లక్షల మేర లెక్కకు వచ్చాయి. గణన పట్టికలో జంతువుకు గడి ఉంది. విడిచినవారికి గడి లేదు. అక్కడా కర్త లేని వాక్యమే.

చట్టం సంగతి చూద్దాం. 1976 నాటి మహారాష్ట్ర పశు సంరక్షణ చట్టం ఆవునూ దూడనూ వధించరాదన్నది. ఎద్దును మాత్రం పనికిరాదన్న ధ్రువపత్రంతో అనుమతించింది. 1995లో శాసనసభ ఆమోదించిన సవరణకు 2015 మార్చిలో రాష్ట్రపతి ఆమోదం లభించడంతో ఎద్దులకూ ఆంబోతులకూ నిషేధం వర్తించింది. వధ కోసం రాష్ట్రం దాటించడమూ నేరమైంది. 2016 మే 6న బొంబాయి హైకోర్టు వధ నిషేధాన్ని సమర్థించింది. పక్కనే ఉన్న తెలంగాణలో 1977 నాటి చట్టం ఎద్దును ఇంకా ధ్రువపత్రానికి లోబరచే ఉంచింది. 1956కు ముందు ఒకే జిల్లా అయిన నేలలో ఒకే రకం ఎద్దుకు ఈనాడు రెండు న్యాయాలు.

ఈ చట్టాల మంచిచెడ్డలు ఇక్కడ మా చర్చ కాదు. వాటిని గట్టిగా సమర్థించేవారికి వారి కారణాలు ఉన్నాయి, వ్యతిరేకించేవారికీ ఉన్నాయి. మేము చెప్పదలచినది ఇంతే. ముసలి ఎద్దును అమ్ముకొనే హక్కు యజమానికి లేదని సమాజం తీర్మానించినప్పుడు, ఆ ఎద్దు మీద తనకూ వాటా ఉందని సమాజం ఒప్పుకొన్నట్టే. వాటా ఒప్పుకొన్నవారు మేతలోనూ వాటా పెట్టాలి. వృషోత్సర్గంలో ఊరు ఒప్పుకొన్నది ఇదే. నిషేధించడానికి ఊరంతా, మేపడానికి గఫూర్ ఒక్కడు అంటే అది న్యాయం కాదు.

ఆసక్తికరమైన విషయమేమిటంటే, ఈ వివేచన మన చట్టంలో ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండవ విభాగం, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితుల్లో జంతువును విడవడాన్ని నేరం అన్నది. అయితే ‘సహేతుకమైన కారణం లేకుండా’ అన్న షరతు పెట్టింది. అంటే చట్టం రెండు రకాల విడుపులను వేరుచేసింది. చేతకాక విడవడం వేరు. అక్కర తీరి విడవడం వేరు. మన వాడుకభాష ఈ రెండింటినీ ‘మోకాట్’, ‘వీధి’ అనే ఒకే గంపలో వేస్తోంది. కరువులో ఎద్దును వదిలిన కిన్వట్ రైతూ, ఇల్లు మారుతూ కుక్కను వదిలిన పట్నం కుటుంబమూ ఒక్కటే అన్నట్టు. ఒకరి విషయంలో ఇది అన్యాయం. మరొకరి విషయంలో ఇది అనవసరమైన దయ.

ఆ రెండో రకం గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. కొని తెచ్చిన జాతి కుక్కను పిల్లగా ఉన్నప్పుడు ముద్దుచేసి, పెద్దదై తిండి పెరిగాకో, జబ్బు చేశాకో, ఊరు బదిలీ అయ్యాకో దూరంగా దించి వచ్చేవారికి గఫూర్ పేదరికం లేదు. 2020లో పెంపుడు జంతువుల వల్ల కరోనా సోకుతుందన్న వదంతి పుట్టినప్పుడు, వాటిని వదిలివేయవద్దని భారత జంతు సంక్షేమ మండలి ప్రజలను కోరవలసి వచ్చింది. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో బతకడం తెలియదు. బతికినది పిల్లలు పెడుతుంది. వాటికి టీకా లేదు. రేపు బడిపిల్లను కరిచే కుక్క వెనుక, మూడు తరాల కిందట ఒక ఇంటి గేటు మూసుకొన్న చప్పుడు ఉండవచ్చు.

వీధికుక్కలు ఆకాశం నుంచి ఊడిపడవని, అవి సమాజపు అలసత్వానికి గుర్తు అని, కుక్క అన్నదానికి యజమాని ఉండి తీరాలని గాంధీజీ 1926లో ‘యంగ్ ఇండియా’లో వాదించారు. దాదాపు నూరేళ్లకు, 2025 నవంబరు 7న, సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి కుక్కలనూ, రహదారుల నుంచి పశువులనూ ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. ఆదేశాల భారం పురపాలక సంఘాలదీ, రహదారి అధికారులదీ. జనం చర్చ అంతా కుక్కల పక్షం, మనుషుల పక్షం అని రెండుగా చీలింది. విడిచినవారి ఊసు ఏ పక్షమూ గట్టిగా ఎత్తలేదు.

వారికి శిక్ష ఎంత? 1960 చట్టం ప్రకారం మొదటిసారి నేరానికి పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా. యాభై రూపాయలకు ఇవాళ ఒక పూట కుక్కబిస్కెట్లు కూడా సరిగా రావు. మన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలిగేలా అజాగ్రత్తగా ఉంటే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహిత 291వ విభాగం ఆరు నెలల దాకా ఖైదు, అయిదు వేల దాకా జరిమానా చెబుతుంది. జర్మనీలో పెంపుడు జంతువును విడిచిపెడితే జరిమానా 25,000 యూరోల దాకా వెళ్లవచ్చు. మనకు అంత అక్కరలేదు. కాని పది రూపాయల నేరం అంటే నేరం కాదని సమాజానికి చెప్పడమే.

విమర్శ చేయగలిగినది

మాటలు సరిదిద్దితే పశువుల కడుపు నిండుతుందా అని అడగవచ్చు. నిండదు. మేతకు డబ్బు కావాలి, ఆశ్రయాలు కావాలి, శస్త్రచికిత్సలకూ టీకాలకూ పశువైద్యులు కావాలి. విమర్శ వాటిని ఇవ్వలేదు. అయితే ఎవరిని అడగాలో తేల్చడంలో విమర్శకు పాత్ర ఉంది. ‘వీధి కుక్కల బెడద’ అని రాసినంతకాలం కుక్కలను పట్టే బండిని అడుగుతాం. ‘విడిచిన కుక్కలు’ అని రాస్తే, ఎవరు విడిచారన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. వీధిలో పుట్టినదానికీ, విడిచినదానికీ తేడా తెలియదు కదా అనవచ్చు. తెలిసిన చోటైనా రాయాలి: మెడలో పట్టీ ఉంటే, చెవికి బిళ్ల ఉంటే, నిన్నటిదాకా ఒక ఇంటి గుమ్మంలో ఉన్నదే అయితే. పత్రికా రచయితలకూ, కథకులకూ, మా విద్యార్థులకూ మేము చేసే సూచన ఇదే: సకర్మక క్రియను వాడండి, కర్తను రాయండి, కర్త గఫూర్ అయితే, అతనికి గడ్డి ఇవ్వనివారినీ రాయండి.

శ్రావణ బహుళ అమావాస్యనాడు కిన్వట్ పల్లెల్లో మరాఠీవారికి పోళా, తెలుగువారికి పొలాల పండుగ. పేర్ల పోలికను బట్టి వ్యుత్పత్తి తేల్చడం తొందరపాటు కాని, పండుగ ఒక్కటే. ఆనాడు ఎద్దుకు పని చెప్పరు. కడిగి, కొమ్ములకు రంగులు పూసి, బొబ్బట్లు తినిపించి, ఊరేగింపుగా మారుతి గుడిదాకా తీసుకువెళతారు. విదర్భలో ఆ మరునాడు పిల్లలు కర్ర ఎద్దులను అలంకరించి ఇంటింటికీ తిప్పుతారు. కర్ర ఎద్దుకు మేత అక్కరలేదు, ముసలితనం రాదు. ఈ పండుగను గురించి రాసేవారు ఇకమీదట ఊరేగిన ఎద్దుల అందంతో పాటు మరొకటి కూడా లెక్క చూడాలని మా కోరిక. నిరుడు ఊరేగి, ఈ ఏడు వరుసలో లేని ఎద్దు ఏమైంది? చచ్చిపోయిందా, అమ్ముడుపోయిందా, విడిచారా? విడిస్తే ఎవరు, ఎందుకు? మంద ఇంటికి చేరినప్పుడు ఒకటి తక్కువైందని గమనించిన కేశవరెడ్డి ముసలివాడి పాటి లెక్క అది.